జీరో టికెట్టా, షేర్ ఆటోనా, రైలా? ఆటిజం ఉన్న మాకు ఏది మేలు

"బస్సు ఫ్రీ కదా, ఆటోకు పైసలెందుకు పెడతవ్?" అని అమ్మ అంటూనే ఉంటుంది. పైసల లెక్కలో ఆమె మాట నిజమే. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. అప్పటి నుంచి తెలంగాణ ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు, కండక్టర్ పైసలు తీసుకోకుండా జీరో టికెట్ ఇస్తారు. అయితే ఆటిజం ఉన్న నాకు ఇంకో లెక్క కూడా ఉంది. దారిలో ఎంతమందితో మాట్లాడాలి, ఎంతమంది తగులుతారు, చివరి నిమిషంలో ఏం మారుతుంది, దిగాక ఆఫీసు పనికి ఓపిక మిగులుతుందా? ఈ లెక్క వేస్తే ఫ్రీ బస్సు కొన్ని రోజులు అన్నిటికంటే ఖరీదు.

మా తమ్ముడికీ ఆటిజమే. నేను ఒంటరిగా తిరగగలను, ఉద్యోగం చేస్తున్నాను. వాడికి ఆటిజంతో పాటు మేధో వైకల్యం ఉంది, తోడు లేకుండా బయటికి పంపలేం. అందుకే ఒకే ఇంట్లో మా ఇద్దరికీ జవాబులు వేరు. ఇది చదివేవాళ్లూ మీకు ఏది ఎక్కువ ఇబ్బందో చూసుకుని నా మాటలు సరిచేసుకోండి. నాకు శబ్దం, తాకిడి పడవు. మీకు వాసనలు పడకపోవచ్చు, లేదా దారి మారితే కాళ్లూచేతులూ ఆడకపోవచ్చు.

ముందు మా వరంగల్‌లో రోజూ వెళ్లే దారి సంగతి. కాజీపేట నుంచి నిట్, సుబేదారి, అదాలత్ మీదుగా హన్మకొండ చౌరస్తా. ఈ దారిలో సిటీ బస్సుకు ఉన్న పెద్ద బలం, అది దారి మార్చదు. ఎక్కడ ఆగుతుందో, ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో ముందే తెలుసు. జీరో టికెట్ దగ్గర జరిగే మాటలు కూడా రోజూ అవే. కండక్టర్ ఎక్కడికని అడుగుతారు, నేను ఊరి పేరు చెప్పి ఆధార్ చూపిస్తాను, మిషన్‌లోంచి టికెట్ వస్తుంది. చిల్లర గొడవ లేదు. ముందే తెలిసిన మాటలు నాకు భారం కావు. కార్డు బ్యాగు అడుగున పెట్టకుండా మెడలో వేసుకునే కవర్‌లో పెట్టుకుంటే, జనంలో వెతుక్కునే టెన్షన్ కూడా ఉండదు.

ఇబ్బంది రద్దీతోనే. పొద్దున ఆఫీసు, కాలేజీ టైమ్‌లో బస్సు ఎక్కితే నాలుగు వైపుల నుంచీ భుజాలు తగులుతాయి. వెనక నుంచి ఎవరో "జర ముందుకు జరుగుండ్రి" అంటారు. ముందుకు జరగడానికి చోటుండదు. ఆ స్థితిలో ఉంటే దిగాల్సిన స్టాప్ వచ్చినా నోరు పెగలదు. ఆఫీసుకు చేరాక గంటసేపు నేను ఎవరికీ పనికిరాను. అదే బస్సు పదకొండు గంటలకు ఎక్కితే కిటికీ పక్కన సీటు దొరుకుతుంది, హాయిగా ఉంటుంది. కాబట్టి బస్సు మంచిదా కాదా అన్న ప్రశ్నకు గడియారం చూసే జవాబు చెప్పాలి. మా ఆఫీసులో అడిగి టైమ్ కొంచెం వెనక్కి జరిపించుకున్నాను. ఏ పాసూ ఇంత మేలు చేయలేదు.

షేర్ ఆటో కోరిన చోట ఆగుతుంది. దాని మంచి అక్కడితో అయిపోయింది. నిండేదాకా కదలదు, ఎప్పుడు నిండుతుందో ఎవరికీ తెలియదు. ముగ్గురి సీట్లో నలుగురు, పైగా స్పీకర్‌లో డీజే పాట. బస్సులో కనీసం చోటు మారొచ్చు, ఇందులో అదీ లేదు. నా వరకు అన్నిటికంటే కింద దీన్నే పెడతాను. తమ్ముణ్ని మాత్రం అసలు ఎక్కించం.

యాప్‌లో పిలిచే ఆటోకు డబ్బు ఎక్కువే. తగిలేవాళ్లు ఉండరు, దారి ఫోన్‌లో కనిపిస్తూ ఉంటుంది. నాకు ఇబ్బందల్లా డ్రైవర్ ఫోన్ చేసి "ఎక్కడున్నరు మేడం?" అని అడగడం. అనుకోని ఫోన్ ఎత్తడమంటే నాకు గుండె దడ. అందుకే బుక్ చేసిన వెంటనే నేనే మెసేజ్ పెడతాను: ఫలానా షాపు ముందు ఉన్నాను, ఫలానా రంగు బ్యాగు, ఫోన్ ఎత్తలేను. చాలామంది చదువుతారు. వర్షం రోజుల్లో, తల పగిలిపోయే రోజుల్లో దీనికి పెట్టే డబ్బు దండగ అనిపించదు.

మగవాళ్లకు జీరో టికెట్ లేదు కాబట్టి పాస్ సంగతి వాళ్లకే ఎక్కువ అవసరం. ఆర్టీసీ దివ్యాంగులకు రాయితీ పాసులు ఇస్తుంది. తమ్ముడికి ఆ పాస్ ఉంది. మిగిలే డబ్బు కంటే అది చేసే ఇంకో పని పెద్దది. వాడు మాట్లాడడు, పాస్ చూపిస్తే చాలు, అడిగేవాళ్లు అడగడం మానేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. యూడీఐడీ కార్డులో, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డులో, వైకల్యం 40 శాతం లోపు ఉంటే తెల్ల గీత, 40 నుంచి 80 దాకా పసుపు, ఆపైన నీలం. చాలా రాయితీలు 40 శాతం దగ్గర మొదలవుతాయి. "చూస్తే మామూలుగానే ఉన్నావ్ కదా" అనేవాళ్లకు నేను జవాబు చెప్పను, కార్డు చూపిస్తాను.

ఇక హైదరాబాద్. ఎక్స్‌ప్రెస్ బస్సు నాకు ఫ్రీ. కానీ స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి అంటూ జనం ఎక్కుతూ దిగుతూ ఉంటారు, సీటు మీద నమ్మకం లేదు. సూపర్ లగ్జరీలో జీరో టికెట్ చెల్లదు, డబ్బు కట్టాలి. కానీ ముందు రోజే ఆన్‌లైన్‌లో కిటికీ సీటు నంబర్‌తో సహా ఎంచుకోవచ్చు. ఆ నంబర్ తెలిసిన రాత్రి నాకు నిద్ర పడుతుంది. ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కితే ఇంకా సుఖం. కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది, ఒక్క మాట మాట్లాడే పని లేదు, ప్రతి స్టేషన్ పేరూ ముందే వినిపిస్తుంది.

మరి రైలు? అందరూ రైలే హాయి అంటారు. లేచి నడవొచ్చు, బాత్రూమ్ ఉంటుంది, బస్సులా ఒక్కచోట బిగుసుకుపోయి కూర్చోనక్కర్లేదు. నిజమే. కానీ సెకండ్ సిట్టింగ్ రిజర్వేషన్ ఉన్నా నా సీట్లో ఎవరో కూర్చుని ఉంటారు. "కొంచెం సర్దుకో అమ్మా, జనగామలో దిగిపోతాం" అంటారు. వాళ్లతో వాదించడం నావల్ల కాదు, చివరికి నేనే తలుపు దగ్గర నిలబడాలి. ప్లాట్‌ఫామ్ మారిందని ఆఖరి నిమిషంలో అనౌన్స్‌మెంట్ వచ్చినా అంతే. ఏసీ చైర్ కార్‌లో ఈ బాధ తక్కువ, ధర ఎక్కువ. ఒక్కదాన్నే వెళ్తే సూపర్ లగ్జరీకే నా ఓటు. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటాను. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ ఇంజన్ రొదను బాగా తగ్గిస్తాయి కానీ హఠాత్తుగా మోగే హారన్‌ను అంతగా ఆపలేవు.

తమ్ముడితో వెళ్లేటప్పుడు మాత్రం రైలే, అందులో రెండో మాట లేదు. వాడికి నడవాలి, ఊగాలి, కిటికీలోంచి పట్టాలు చూడాలి. పైగా రైల్వే రాయితీ కూడా వాడి వైపే ఉంది. మేధో వైకల్యం ఉండి తోడు లేకుండా ప్రయాణించలేనివాళ్లకు సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీ, చైర్ కార్‌లలో 75 శాతం తగ్గింపు, వెంట వచ్చే ఒకరికీ అంతే. సీజన్ టికెట్ మీద 50 శాతం. అంటే వాడితో పాటు అమ్మకూ పావు వంతు ధరే. దానికి రైల్వే ఫార్మాట్‌లో ప్రభుత్వ డాక్టర్ సంతకం చేసిన సర్టిఫికెట్ కావాలి. దాంతో రైల్వే దివ్యాంగుల కార్డు తీసుకుంటే ఇంటి నుంచే రాయితీ టికెట్ బుక్ చేయొచ్చు. కాజీపేట వాళ్లకు ఆ కార్డు సికింద్రాబాద్ డివిజన్ ఇస్తుంది.

రైల్వే రాయితీల జాబితాలో ఆటిజం అని విడిగా రాసి లేదు. కాబట్టి నాలా ఒంటరిగా ప్రయాణించగలిగే ఆటిస్టిక్ మనిషికి ఆ తగ్గింపు రాదు. తోడు లేకుండా వెళ్లగలగడానికి నేను ఖర్చు పెట్టే శక్తిని ఏ ఫారమ్‌లోనూ రాయడానికి గడి లేదు. పిల్లల తల్లిదండ్రులు సర్టిఫికెట్ రాయించేటప్పుడు, ఆటిజంతో పాటు మేధో వైకల్యం కూడా ఉంటే అది విడిగా నమోదైందో లేదో అక్కడే చూసుకోండి.

ఈ లెక్కలన్నీ మేడారం జాతర దాకానే. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ గద్దెలకు వచ్చేటప్పుడు బస్సులన్నీ అటే మళ్లుతాయి. హన్మకొండ చౌరస్తాలో మామూలు టైమ్‌టేబుల్ ఉండదు, రైళ్లలోనూ కాలు పెట్టే చోటుండదు. ఆ వారం నేను ముందుగానే ఇంటి నుంచి పని అడిగి పెట్టుకుంటాను. కుదరకపోతే తెలిసిన ఆటో అన్నతో రానూపోనూ ఒకే ధర మాట్లాడుకుంటాను. అలాంటి ఆటో అన్న నంబర్ ముందుగానే తీసుకోండి, జాతర మొదలయ్యాక ఎవరూ దొరకరు.