టొరంటో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్: ఒక్క ఆటగాడి వెంట నడిచి చూడవలసిన మ్యూజియం

టొరంటో చూడడానికి వచ్చిన మన కుటుంబాలు సాధారణంగా సీఎన్ టవర్ ఎక్కి దిగిన తరువాత, ఇంకా సగం పూట చేతిలో ఉందనుకున్నప్పుడు హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ వైపు నడుస్తుంటాయి. ఐస్ హాకీ ఎన్నడూ చూడని వారికి అక్కడ ఏముంటుందన్న సందేహం న్యాయమైనదే. జెర్సీలు, స్కేట్లు, స్టిక్కులు, మాస్కులు, ట్రోఫీలు గాజు అరల నిండా ఉంటాయి. వాటి పక్కన ఉన్న పేర్లలో ఒక్కటైనా పరిచయం లేకపోతే ముప్పావు గంటకే కాళ్ళు లాగడం మొదలవుతుంది. అందువల్ల నా సలహా ఏమిటంటే, లోపలికి వెళ్ళే ముందే ఒక ఆటగాణ్ణి ఎంచుకుని, అతని బాల్యం నుంచి విరమణ వరకు ఏయే వస్తువు ఏ దశకు చెందినదో వెతుక్కుంటూ తిరగాలి. అలా తిరిగితే, హాకీని వృత్తిగా చేసుకున్న మనిషికి ఆ ఆట ఏమిచ్చిందో, అతని దగ్గర ఏం పుచ్చుకుందో తెలుస్తుంది. టికెట్టుకు పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది.

హాల్ యంగ్, ఫ్రంట్ వీధులు కలిసే మూలన ఉంది. యూనియన్ స్టేషన్ నుంచి నడిచే దూరమే కనుక కారు తీసుకెళ్ళి పార్కింగ్ కోసం అవస్థ పడనక్కరలేదు. ప్రవేశం మాత్రం మూల మీద కనిపించే పాత రాతి భవనం గుండా కాదు, బ్రూక్‌ఫీల్డ్ ప్లేస్ అనే ఆఫీసు సముదాయం కింది అంతస్తు గుండా. ఆ రాతి భవనం 1885లో బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ శాఖ కోసం కట్టినది. 1943లో ఏర్పడిన ఈ సంస్థకు 1961లో ఎగ్జిబిషన్ మైదానాలలో సొంత గూడు దొరికింది. 1993లో ఈ బ్యాంకు భవనానికి మారింది. భవనం సంగతి ఇప్పటికి ఇంత చాలు.

నేను వెంబడించినది వేన్ గ్రెట్‌స్కీని. మొదటిసారి వెళ్ళేవారికి కూడా అతనే అనుకూలమని నా అభిప్రాయం, ఎందుకంటే అతని జెర్సీలూ స్టిక్కులూ అక్కడ దండిగా ఉన్నాయి, పైగా అతని ఊరు బ్రాంట్‌ఫర్డ్ టొరంటోకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 1961 జనవరి 26న పుట్టిన గ్రెట్‌స్కీకి తండ్రి వాల్టర్ మొదటి గురువు. బెల్ కెనడాలో టెలిఫోన్ పని చేసే ఆ మనిషి శీతకాలంలో పెరట్లో నీళ్ళు పోసి గడ్డ కట్టించి కొడుకు కోసం రింక్ తయారు చేసేవాడు. ఆరేళ్ళ వయసులో పదేళ్ళ పిల్లల జట్టులో ఆడినప్పుడు జెర్సీ మరీ పెద్దదై స్టిక్‌కు అడ్డు పడుతుండడంతో దాని కుడి అంచును ప్యాంటులోకి దోపుకోవడం అలవాటైంది. లీగ్‌లో మేటి ఆటగాడైన తరువాత కూడా అతడు ఆ దోపు వదలలేదు. గాజు వెనుక వేలాడుతున్న 99 నంబరు జెర్సీ ముందు నిలబడినప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే, ఆ గుడ్డ కుడి అంచు మీదికే చూపు వెళ్తుంది.

పదేళ్ళ వయసులో ఒక్క సీజన్‌లో 378 గోల్స్ చేశాడు. ఆ సంఖ్య ఎంత ఘనమైనదో, సాటి పిల్లల తల్లిదండ్రులకు అంత కంటగింపు అయింది. చివరికి పద్నాలుగేళ్ళకే ఇల్లు వదిలి టొరంటోలో ఉండి ఆడవలసి వచ్చింది. పిల్లల కోచింగుల గురించి మనకు కొత్తగా చెప్పవలసినది ఏమీ లేదు కానీ, అతి ప్రతిభ కూడా ఒక పిల్లవాణ్ణి సొంత ఊరికి దూరం చేయగలదన్న సంగతి దగ్గర కొంతసేపు ఆగాలి. పదహారేళ్ళకు సూ సెయింట్ మేరీలో జూనియర్ హాకీ ఆడాడు. అక్కడ తన ఆరాధ్యుడు గోర్డీ హౌ నంబరైన 9 మరొకరి దగ్గర ఉండడం వల్ల 99 తొడుక్కున్నాడు.

1978లో పదిహేడేళ్ళ గ్రెట్‌స్కీ వరల్డ్ హాకీ అసోసియేషన్‌లోని ఇండియానాపొలిస్ రేసర్స్‌కు సంతకం చేశాడు. ఎనిమిది ఆటలు ఆడాడో లేదో, యజమానికి డబ్బు ఇబ్బంది రావడంతో మరో ఇద్దరితో కలిపి అతణ్ణి ఎడ్మంటన్ ఆయిలర్స్‌కు అమ్మేశారు. మరుసటి ఏడాది ఆ జట్టు నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే అందరూ ఎన్‌హెచ్‌ఎల్ అని పిలిచే పెద్ద లీగ్‌లో చేరింది. ఆ తరువాతి దశాబ్దమంతా ఎడ్మంటన్‌దే. 1981-82లో 39 ఆటలలోనే 50 గోల్స్ పూర్తి చేసి, సీజన్ ముగిసేసరికి 92 చేశాడు. 1985-86లో 215 పాయింట్లు సాధించాడు. 1984, 1985, 1987, 1988 సంవత్సరాలలో ఎన్‌హెచ్‌ఎల్ విజేత జట్టుకు దక్కే స్టాన్లీ కప్ ఎత్తాడు.

ఇక్కడ లెక్కలు తెలియనివారి కోసం ఒక వివరణ ఇవ్వాలి. హాకీలో గోల్ చేసినవానికి ఒక పాయింటు, ఆ గోల్‌కు దారితీసిన పాస్‌లు ఇచ్చిన ఇద్దరి వరకు తలా ఒక పాయింటు దక్కుతుంది. పాస్‌కు దక్కిన పాయింటును అసిస్ట్ అంటారు. గ్రెట్‌స్కీ 1,487 ఆటలలో 894 గోల్స్, 1,963 అసిస్టులు, మొత్తం 2,857 పాయింట్లు చేశాడు. పాయింట్ల పట్టికలో అతని తరువాతి స్థానంలో ఉన్న యారోమీర్ యాగర్ మొత్తం 1,921. అంటే గ్రెట్‌స్కీ జీవితంలో ఒక్క గోల్ కూడా చేయకుండా కేవలం ఇతరుల చేత చేయించి ఊరుకున్నా అతడే మొదటి స్థానంలో ఉండేవాడు. గోల్స్ రికార్డును 2025 ఏప్రిల్ 6న అలెగ్జాండర్ ఒవెచ్కిన్ 895వ గోల్‌తో దాటాడు. అసిస్టుల రికార్డు దరిదాపులకు ఎవరూ వచ్చేలా లేరు. సన్నని ఒళ్ళు, మామూలు వేగం ఉన్న ఆ ఆటగాడు ప్రత్యర్థి గోల్ వెనుక నిలబడి అక్కడి నుంచి పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) అందించడాన్ని తన పద్ధతిగా మలచుకున్నాడు. గోల్ వెనుక ఉన్న ఆ చోటుకు అతని ఆఫీసు అన్న పేరు స్థిరపడింది.

ఇంత జరిగిన తరువాత, 1988 ఆగస్టు 9న, నాలుగో కప్ గెలిచి మూడు నెలలు తిరగకముందే ఎడ్మంటన్ యజమాని పీటర్ పాక్లింగ్టన్ అతణ్ణి లాస్ ఏంజిలిస్ కింగ్స్‌కు ఇచ్చేశాడు. బదులుగా ఇద్దరు ఆటగాళ్ళు, రాబోయే ఏళ్ళలో కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునేటప్పుడు మొదటి రౌండ్‌లో మూడు అవకాశాలు, వాటితో పాటు కోటిన్నర అమెరికన్ డాలర్లు వచ్చాయి. విలేకరుల ముందు గ్రెట్‌స్కీ కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. ఈ అమ్మకాన్ని ప్రభుత్వం అడ్డుకోవాలని ఒక పార్లమెంటు సభ్యుడు కోరేదాకా వ్యవహారం వెళ్ళింది. లాస్ ఏంజిలిస్ తరువాత 1996లో కొద్ది నెలలు సెయింట్ లూయిస్ బ్లూస్‌కు, చివరి మూడు సీజన్లు న్యూయార్క్ రేంజర్స్‌కు ఆడి 1999 ఏప్రిల్‌లో విరమించాడు. కప్ మళ్ళీ అతని చేతికి రాలేదు. అరలలోని జెర్సీల రంగు మారినప్పుడల్లా, ఒక కుటుంబం ఊరు మారిందని చదువుకోవాలి.

జెర్సీల తరువాత పైకి, గ్రేట్ హాల్‌కు వెళ్ళాలి. పాత బ్యాంకు లావాదేవీలు జరిగిన విశాలమైన గది అది. పైన రంగు గాజుల గుమ్మటం, చుట్టూ హాల్ గౌరవ సభ్యులుగా ఎన్నికైన ఆటగాళ్ళ పలకలు, మధ్యన స్టాన్లీ కప్. ఈ ఒక్క గది కోసమే వెళ్ళినా తప్పు లేదు. కప్ దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తు, పదిహేనున్నర కిలోల బరువు ఉంటుంది. పక్కన నిలబడి ఫొటో దిగవచ్చు, చేతితో తాకవచ్చు. గెలవకముందు కప్‌ను ముట్టుకోకూడదన్న నమ్మకం ఆటగాళ్ళలో గట్టిగా ఉంది కనుక, స్థానిక లీగులలో ఆడే పిల్లలు కొందరు చేతులు వెనక్కి కట్టుకుని ఫొటోకు నిలబడడం కనిపిస్తుంది. మనకు ఆ పట్టింపు లేదు కనుక దగ్గరకు వెళ్ళి అక్షరాలు చదవడం మేలు.

ఆ అక్షరాలను తీరిగ్గా చదవాలి. గెలిచిన జట్టులోని ఆటగాళ్ళ పేర్లు ఏటా వెండి పట్టీ మీద చెక్కుతారు. 1979 నుంచి 1991 వరకు గెలిచిన జట్లు ఉన్న పట్టీలో గ్రెట్‌స్కీ పేరు నాలుగుసార్లు వస్తుంది. అదే పట్టీలో 1984 ఎడ్మంటన్ పేర్ల మధ్య అసలు కప్ మీద ఒక వరుస ఎక్స్ గుర్తులు కొట్టి ఉన్నాయి: జట్టుతో సంబంధం లేని తన తండ్రి బాసిల్ పేరును పాక్లింగ్టన్ చెక్కించగా, లీగ్ ఒప్పుకోకపోవడంతో దాని మీద అలా కొట్టేశారు. ఆటగాణ్ణి అమ్ముకున్న యజమాని గురించి పుటలకు పుటలు చదివినా కలగని అవగాహన ఆ వెండి మీది గీతల వల్ల కలిగింది. 1972 బోస్టన్ జట్టు పేరులో O అక్షరానికి బదులు రెండు చోట్లా Q పడిన సంగతి కూడా అదే చేత్తో చూసి రావచ్చు.

ఒక్కొక్క పట్టీలో 13 సంవత్సరాల విజేతలు పడతారు. కింది పట్టీ నిండగానే అన్నిటికంటే పాతదాన్ని ఊడదీసి, పక్కనే ఉన్న పాత బ్యాంకు ఖజానా గదిలో పెడతారు. 1892లో కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ ఇచ్చిన మొట్టమొదటి గిన్నె కూడా పెళుసుబారడం వల్ల 1970 నుంచి ఆ ఖజానాలోనే ఉంది. గ్రెట్‌స్కీ పేరున్న పట్టీకి కూడా వంతు వస్తుంది.

హాల్‌లోకి ఎన్నిక అనేది 18 మంది సభ్యుల సంఘం చేతిలో ఉంటుంది. నాలుగింట మూడు వంతుల ఓట్లు రావాలి, ఆటగాడు విరమించి మూడేళ్ళు గడవాలి. గ్రెట్‌స్కీకి ఆ గడువు సడలించి 1999లోనే చేర్చుకున్నారు. ఆ సడలింపు ఇక మామూలుగా ఉండదని కూడా అప్పుడే తేల్చారు. మహిళా క్రీడాకారులకు మాత్రం ఈ తలుపు 2010లో ఏంజెలా జేమ్స్, క్యామీ గ్రనాటోలతో గాని తెరుచుకోలేదు. అంత ఆలస్యానికి నాకు ఏ సమర్థనా తోచదు.

పలకలు చూసేటప్పుడు అక్కడ ఉండి లేకుండా పోయిన ఒక పేరునూ గుర్తు చేసుకోవాలి. ఆ పేరు చెప్పే ముందు బాబీ ఓర్ గురించి చెప్పాలి. బోస్టన్ డిఫెన్స్‌మన్ (వెనుక ఉండి గోల్‌ను కాపాడే ఆటగాడు) అయిన ఓర్ 1979లో 31 ఏళ్ళకే, అందరికంటే చిన్న వయసులో ఇక్కడ చేరాడు. అది గౌరవమే కానీ, ఎడమ మోకాలు మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేయించుకుని ఇక లొంగక 30 ఏళ్ళకే ఆట మానవలసి రావడం దాని వెనుక ఉన్న కారణం. అతని ఏజెంటూ, ఆటగాళ్ళ సంఘానికి పెద్దా అయిన అలన్ ఈగిల్‌సన్ 1989లో ఇదే హాల్‌లో స్థానం సంపాదించాడు. ఆటగాళ్ళను మోసగించినట్టు 1998లో నేరం రుజువయ్యాక రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. కెరీర్ అంటే గోల్స్ పట్టికే అనుకునే పిల్లలకు చెప్పవలసిన కథ ఇదే.

గోల్‌కీపర్ల మాస్కుల దగ్గర కూడా ఇలాగే ఆగాలి. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముక్కును చీల్చింది. కుట్లు వేయించుకుని వచ్చిన ప్లాంట్ సాధనలో వాడుకునే మాస్కు పెట్టుకోనిస్తేనే మంచు మీదికి వస్తానన్నాడు, ఇష్టం లేకపోయినా కోచ్ టో బ్లేక్ ఒప్పుకున్నాడు. అప్పటిదాకా దాదాపు అందరు గోలీలూ గట్టి రబ్బరు పక్‌కు ఒట్టి ముఖాలే ఎదురొడ్డేవారు. ఆ తరం మాస్కులు చూస్తే, మూకుడంత పల్చని ఆ ఫైబర్‌గ్లాస్ దేన్ని ఆపగలదా అనిపిస్తుంది.

పిల్లలతో వెళ్ళేవారు తెర మీది గోలీ మీదికి పక్‌లు కొట్టే విభాగాన్ని చివరికి ఉంచుకోవాలి. ముందే అక్కడికి తీసుకెళ్తే తరువాత ఏ గాజు అరా వారికి కనపడదు. మొత్తానికి రెండున్నర గంటలు పెట్టుకుంటే హడావిడి లేకుండా చూడవచ్చు. వీడియోలు, అంతర్జాతీయ జట్ల విభాగం నాకు అంతగా పట్టలేదు, అవి దాటవేసినా పెద్ద లోటు ఉండదు.

వెళ్ళే సమయం విషయంలో రెండు మాటలు. వేసవిలో గెలిచిన జట్టులోని ఒక్కొక్కరి దగ్గర అసలు కప్ ఒక్కో రోజు గడుపుతుంది కనుక, ఆ రోజుల్లో గ్రేట్ హాల్‌లో 1993లో చేయించిన నకలు ఉండవచ్చు. అసలుదే చూడాలన్న పట్టుదల ఉంటే ముందుగా కనుక్కుని బయలుదేరండి. కొత్త సభ్యుల చేరిక వేడుక నవంబరులో జరుగుతుంది. ఆ వారాంతంలో రద్దీ ఎక్కువ, కానీ మన ముందు పలకగా మారబోతున్న ఆటగాళ్ళు ఆ చుట్టుపక్కలే తిరిగే రోజులు కూడా అవే.