షుగరు పుండుకు వ్యాక్ మిషనా, రోజూ కట్టా?

సర్జికల్ వార్డులో రౌండ్స్‌కి వెళ్తే వారానికి రెండుసార్లయినా ఈ ప్రశ్న ఎదురవుతుంది. కాలికి చీము పట్టి, ఆపరేషన్ చేసి కుళ్ళిన కండ తీసేసిన మర్నాడు, కొడుకో అల్లుడో నన్ను పక్కకు పిలుస్తాడు. "సార్, ఆ బెడ్డాయనకి మిషను పెట్టారు కదా, మా నాన్నకెందుకు పెట్టలేదు?" మొన్నయితే అదే పూట ఆ బెడ్డాయన కూతురు ఆపింది. "రాత్రంతా కీచుకీచుమంటోంది సార్, ఇది తీసేసి మామూలు కట్టు కట్టకూడదా?"

వ్యాక్ అంటే గాయంలో స్పాంజి నింపి, పైన గాలి చొరని షీటు అంటించి, గొట్టం ద్వారా పంపుతో లాగే మిషను. అది పెట్టాలా వద్దా అని తేల్చడానికి నేను మొదట చూసేది పుండు ఎంత వెడల్పుందని కాదు, ఎంత లోతుందని. కట్టు విప్పేటప్పుడు లోపల్నుంచి గాజుగుడ్డ మడతలు ఎన్ని వచ్చాయో లెక్కపెడతాను. పొద్దున కట్టిన కట్టు మధ్యాహ్నానికే తడిసి దుప్పటి మీదికి దిగిందా అని సిస్టర్ని అడుగుతాను. లోతూ ఉండి, ఊటా ఉంటే మిషను. రెండూ లేకపోతే అడిగినా పెట్టను.

ఎందుకో చెప్తాను. అది చీము లాగే మిషను అని చాలామంది అనుకుంటారు. చీము తీయాల్సింది కత్తి. నల్లగా చచ్చిన కండ మీద స్పాంజి పెట్టి షీటు అంటిస్తే లోపల జరిగేది కుళ్ళడమే. శుభ్రం చేసిన గాయంలో మాత్రం కథ వేరు. పంపు నడవగానే స్పాంజి ముడుచుకుంటుంది, దాంతోపాటు గాయం అంచులు లోపలికి జరుగుతాయి. నల్ల స్పాంజి రంధ్రాలు 400 నుంచి 600 మైక్రాన్లుంటాయి. వాటిలోకి గాయం అడుగు సన్నటి బొడిపెల్లా లేస్తుంది. అలా సాగిన కణాలు పెరగడం మొదలుపెడతాయి, కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. ఇంకోపక్క వాపు నీరు గొట్టంలోంచి బయటికి పోయి, ఆ నీటి కింద నలిగిన సన్న నాళాల్లో మళ్ళీ రక్తం ఆడుతుంది. అమెరికాలో నార్త్ కరోలినాకు చెందిన మోరిక్వాస్, ఆర్జెంటా 1997లో పందుల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. 125 మిల్లీమీటర్ల పీడనంతో (బీపీ కొలిచే మిల్లీమీటర్లే, కాకపోతే మైనస్) ఆపకుండా లాగితే కొత్త కండ మామూలు తడి కట్టుకన్నా దాదాపు 63 శాతం, ఆపి ఆపి లాగితే 103 శాతం ఎక్కువగా పెరిగింది. అయినా వార్డులో మేం ఆపకుండానే నడుపుతాం. ఆపి మొదలుపెట్టిన ప్రతిసారీ పేషెంటు నొప్పితో విలవిల్లాడతాడు, షీటు కూడా లీకవుతుంది.

గమనించారా, వీటన్నిటివల్లా జరిగేది గుంత పూడడం. చర్మం మూసుకోవడం వేరే పని. చర్మం అంచుల్నుంచి నెమ్మదిగా పాకి రావాలి, లేదా తొడ మీంచి తీసి గ్రాఫ్ట్ వేయాలి. ఎర్రటి కొత్త కండ చర్మం మట్టానికి వచ్చిందంటే మిషను పని అయిపోయింది. ఆ తర్వాత కూడా మూసుకునేదాకా ఉంచమని నెలల తరబడి డబ్బు పోసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

అందుకే పరిశోధనల్లో జవాబులు ఒక్కలా లేకపోవడం నాకు వింతగా అనిపించదు. పాదంలో కొంత భాగం తీసేసిన 162 మంది షుగరు పేషెంట్ల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో, 16 వారాలకు మిషను పెట్టినవాళ్ళలో 56 శాతం, మామూలు కట్టుతో 39 శాతం మానాయి. దానికి డబ్బు పెట్టింది మిషను తయారుచేసే కంపెనీయే, అదీ గుర్తుంచుకోవాలి. ఎముక విరిగి బయటికొచ్చిన కాలి గాయాల మీద బ్రిటన్‌లో 460 మందితో చేసి 2018లో ప్రచురించిన పరిశీలనలోనైతే ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు.

మామూలు కట్టును తీసిపారేయకండి. రోజూ గాయం కళ్ళబడుతుంది. కొత్తగా చీము పట్టినా, ఎర్రదనం పాకినా అదే రోజు తెలుస్తుంది. మిషను పెడితే రెండు మూడు రోజులకోసారి గానీ లోపల చూడం. ఊళ్ళో పీహెచ్‌సీలోనే కట్టించుకోవచ్చు, కరెంటు అక్కర్లేదు. దాని శత్రువల్లా తొందరపడే చెయ్యి. ఎండి అంటుకున్న గాజును చర్రున లాగితే నిన్న పుట్టిన కండ కూడా దాంతోపాటే వస్తుంది. షుగరు వల్ల స్పర్శ పోయిన కాలు కాబట్టి పేషెంటు అబ్బా అనడు, కట్టేవాళ్ళకి తెలియదు. సెలైన్ పోసి నానబెట్టి తీయమనండి.

మిషను పెట్టించుకుంటే మాత్రం మూడు విషయాలు మీరే చూసుకోవాలి. స్పాంజి కిస్‌మిస్‌లా ముడుచుకుని, నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తబడిందంటే ఎక్కడో లీకు. కరెంటు పోయో, ఇంకెందుకో రెండు గంటలకు మించి ఆగితే స్పాంజి తీయించి తడి కట్టు వేయించాలి. గొట్టంలో ఉన్నట్టుండి తాజా రక్తం కనిపిస్తే మిషను ఆపి, డాక్టర్ని పిలవాలి. రక్తం పలచబడే మందులు వాడే గుండె పేషెంట్లకు ఈ భయం ఎక్కువ. చాలా ప్రభుత్వాసుపత్రుల్లో స్పాంజి, రైల్స్ ట్యూబు (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం), అంటించే షీటు, వార్డు గోడకుండే సక్షన్ పైపుతో చేసే లోకల్ వ్యాక్‌కీ ఇవే వర్తిస్తాయి. ఒత్తిడి చూపే గేజి ఉండి, అది అదుపులో ఉంటే దాన్ని చులకనగా చూడక్కర్లేదు.

పాదం మీద నాడి అందకపోతే ముందు రక్తనాళాల డాక్టరు దగ్గరికి, ఆ తర్వాతే ఈ చర్చ. తేనె కట్లు, వెండి కట్లు వేస్తే షుగరు పుండు త్వరగా మానుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఇక మానుతున్న పాదాన్ని నేలకు ఆనించి టీ కొట్టుదాకా నడిచొస్తే ఏ కట్టూ నిలవదు.

నిరుడు మా మేనమామకు బొటనవేలు తీసేయాల్సి వచ్చినప్పుడు తొమ్మిది రోజులు మిషను పెట్టించాను, మూడుసార్లు స్పాంజి మార్చారు. తర్వాత గ్రాఫ్ట్ వేసి, మామూలు కట్టుతో ఇంటికి పంపాం.

ఇంతకీ మొన్న అడిగిన అబ్బాయి వాళ్ళ నాన్న పుండులోంచి వచ్చింది ఒకటే గాజు మడత, అదీ సగం పొడిగానే ఉంది. ఆ కూతురుగారి నాన్నది మడమ పక్కన పిడికిలి పట్టేంత గుంత. గురువారం విప్పి చూశాను, ఇంకా సగం పూడాలి. అమ్మాయికి చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇప్పించాను.