మొదటి మస్కీ కోసం ఏ సరస్సుకి వెళ్లాలి: మిల్ లాక్స్, హేవార్డ్, బౌల్డర్ జంక్షన్, సెయింట్ క్లెయిర్

మస్కీ అనే పెద్ద మంచినీటి వేట చేపని అమెరికాలో పది వేల విసుర్ల చేప అంటారు, అన్నిసార్లు గాలం విసిరితే గాని దొరకదని. అందులో కొంత గొప్ప చెప్పుకోవడం ఉంది. సరస్సు, నెల సరిగ్గా చూసుకుని పక్కన గైడ్ ఉంటే రెండు మూడు రోజుల్లో అవకాశం రావడం మామూలే. మనవాళ్లు చాలామంది యాభై అంగుళాల చేపల ఫొటోలు చూసి నేరుగా మిన్నెసోటాలోని మిల్ లాక్స్‌కి బయల్దేరతారు, ఖాళీ చేతులతో తిరిగొస్తారు.

మినియాపోలిస్ నుంచి మిల్ లాక్స్ రెండు గంటల లోపు దారి. సుమారు 1,32,000 ఎకరాల నీరు, గాలి లేస్తే చిన్న పడవ ఒడ్డునే ఉండిపోవాలి. 2021 నవంబర్‌లో 55 పౌన్లు దాటిన మిన్నెసోటా రికార్డు మస్కీ దొరికింది ఇక్కడే. చేపలు పెద్దవే, కానీ తక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇది వద్దు. పెద్ద చేపలున్న సరస్సు కన్నా ఎక్కువ చేపలున్న సరస్సు మేలు.

విస్కాన్సిన్‌లోని హేవార్డ్‌కి మినియాపోలిస్ నుంచి రెండున్నర గంటలు. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఊరే ఒక కారణం: మంచినీటి చేపల వేట హాల్ ఆఫ్ ఫేమ్‌లో 143 అడుగుల ఫైబర్‌గ్లాస్ మస్కీ ఉంది, మెట్లెక్కి దాని నోట్లో నిలబడి ఫొటో దిగొచ్చు. అసలు వేట పక్కనే ఉన్న చిప్పెవా ఫ్లోవేజ్‌లో. 1920లలో ఆనకట్ట కట్టి అడవిని ముంచేసిన 15,000 ఎకరాల జలాశయం అది. మునిగిన మొద్దులు ఇంకా అలాగే ఉన్నాయి, తేలే గడ్డి దిబ్బలు గాలికి చోటు మారుతుంటాయి. మస్కీ దాక్కునేది వాటి అంచునే. తెలియకుండా వేగంగా వెళ్తే ప్రొపెల్లర్ విరిగేదీ అక్కడే, ఆ ఖర్చు అద్దెకు తీసుకున్నవాళ్లదే. మొదటి రోజు గైడ్‌తో తిరిగి, తర్వాత సొంతంగా వెళ్లడం క్షేమం.

ఇక్కడి రిసార్టులంటే నీటి ఒడ్డున వంటిల్లున్న క్యాబిన్లు. జూలై, ఆగస్టుల్లో చాలాచోట్ల శనివారం నుంచి శనివారం దాకా వారం మొత్తానికే ఇస్తారు. సెప్టెంబర్‌లో రెండు మూడు రాత్రులకూ దొరుకుతాయి, వేటకీ అదే మంచి నెల, దోమలూ తగ్గుతాయి. దుప్పట్లు, తువ్వాళ్లు ఇస్తారో లేదో బుక్ చేసేటప్పుడే అడగాలి. పప్పులు, మసాలాలు బయల్దేరేచోటే కొనుక్కోవాలి. ఎండుమిరపకాయల పోపు పెట్టేముందు కిటికీలు తీయండి, చిన్న క్యాబిన్‌లో పొగ అలారం క్షణాల్లో మోగుతుంది. పడవ విషయంలో కూడా జాగ్రత్త. చాలా రిసార్టులు పాంటూన్ (తేలే గొట్టాల మీద చదునైన పెద్ద పడవ) అద్దెకిస్తాయి. కుటుంబంతో షికారుకి బాగుంటుంది గాని చుట్టూ కమ్మీ ఉంటుంది కాబట్టి మస్కీ వేటకి అడ్డం. చదునైన ముందుభాగం, నెమ్మదిగా కదలడానికి వాడే చిన్న కరెంటు ట్రోలింగ్ మోటార్ ఉన్నది కావాలని అడగాలి.

తూర్పున విలాస్ కౌంటీలోని బౌల్డర్ జంక్షన్ చుట్టుపక్కలది ఇంకో దారి. వందల చిన్న సరస్సులు, గాలి బాధ తక్కువ, ఒకటి పలక్కపోతే పావుగంటలో మరోదానికి పోవచ్చు. ఎక్కువగా 30 నుంచి 40 అంగుళాలవి దొరుకుతాయి. మొదటిదానికి అంతకంటే ఏం కావాలి? సొంతంగా గాలం విసిరి పట్టాలనుకుంటే మా ఓటు దీనికే.

డెట్రాయిట్ వైపు, ట్రాయ్, నోవైల్లో ఉన్న తెలుగువాళ్లకి లేక్ సెయింట్ క్లెయిర్ ఇంటి పక్కదే. సగటు లోతు 11 అడుగులే, మస్కీలు పుష్కలం. కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చే చార్టర్ పడవలు గంటకి నాలుగైదు మైళ్ల వేగంతో గాలాలు లాక్కుంటూ తిరుగుతాయి. దొరికే అవకాశం ఇక్కడే అన్నిటికంటే ఎక్కువ. కాకపోతే చోటు, వేగం, ఎర అన్నీ కెప్టెన్‌వే, రాడ్ దానంతటదే వంగాక రీల్ తిప్పడమే మన పని. పట్టింది ఎవరన్నది మీరే తేల్చుకోవాలి. పడవ కెనడా నీళ్లలోకి వెళ్తే ఒంటారియో లైసెన్సు కూడా ఉండాలి.

సామాను గైడ్ దగ్గరే ఉంటుంది. సొంతంగా కొనాలంటే: ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగుల హెవీ రాడ్, 300 లేదా 400 సైజు బెయిట్‌కాస్టర్ రీల్, 80 పౌన్ల అల్లిన దారం, చివర 100 పౌన్లకి తగ్గని ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎరకి ముందు కట్టే గట్టి దారం ముక్క). లీడర్ లేకపోతే దాని పళ్లకి దారం తెగిపోతుంది, గాలం నోట్లో ఉండిపోయిన చేప చావొచ్చు కూడా. తొమ్మిది అడుగుల రాడ్ ఒకే ముక్కదైతే కార్లో పట్టదు, రెండు ముక్కలదో, జరిపి పొట్టి చేసేదో చూడండి. మొదలుపెట్టడానికి తిరిగే రేకు, వెంట్రుకల తోక ఉన్న బక్‌టెయిల్ ఎర చాలు. విసిరి తిప్పడమే, పొరపాట్లు తక్కువ.

అసలు పాఠం పడవ పక్కన. మస్కీ ఎర వెనకాలే వచ్చి, పడవ దాకా వెంబడించి, అక్కడ ఆగి చూస్తుంది. చాలామంది సరిగ్గా అప్పుడే ఎరని పైకి లాగేస్తారు. ప్రతి విసురు చివరా, చేప కనబడినా కనబడకపోయినా, నీళ్లలో ఎరతో 8 అంకె గీయాలి. లీడర్ రాడ్ కొనకి తగలకముందే, ఎర అడుగు, అడుగున్నర దూరంలో ఉండగా రీల్ ఆపాలి. రాడ్ కొనని నీళ్లలోకి దించి, ఆగకుండా పక్కకి తిప్పాలి. మలుపులు వెడల్పుగా ఉండాలి, నాలుగడుగుల చేప ఇరుకు మలుపు తిరగలేదు. మలుపులో కొంచెం వేగం పెంచాలి. పట్టిందా, రాడ్‌ని పైకెత్తకుండా, చేప వెళ్తున్న వైపుకి ఎదురుగా పక్కకి బలంగా లాగాలి. పైకెత్తితే నోరు తెరిచి గాలం వదిలేస్తుంది. పట్టుపడ్డాక డ్రాగ్ (రీల్ దారాన్ని పట్టి ఉంచే బిగువు) కొంచెం వదలాలి, అంత దగ్గరలో బిగుతుగా ఉంటే గాలం వంగొచ్చు, నోరు చిరగొచ్చు.

వల రబ్బరు పూత ఉన్నది, లోతైనది కావాలి. చేపని నీళ్లలో ఉన్న వలలోనే ఉంచి, పొడుగు ముక్కు శ్రావణంతో గాలం తీయాలి. రాకపోతే కట్టర్‌తో గాలం ముక్కనే కత్తిరించెయ్యాలి. చేపని కాపాడేదీ, మీ వేళ్లని కాపాడేదీ ఆ కట్టరే. అది లేని పడవ ఎక్కొద్దు. ఫొటోకి అడ్డంగా, పొట్టకింద చెయ్యేసి ఎత్తాలి, అర నిమిషం దాటకూడదు. నీటి వేడి 80 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే వేట ఆపెయ్యాలి, వదిలేసినా చేప బతకదు.

పులుసు పెట్టుకోవచ్చా అని మనవాళ్లెవరో తప్పకుండా అడుగుతారు. విస్కాన్సిన్‌లో సాధారణంగా 40 అంగుళాలలోపుది ఉంచుకోకూడదు, మిన్నెసోటాలో ఆ హద్దు 54. పాదరసం వల్ల పిల్లలూ, గర్భం దాల్చే వయసు ఆడవాళ్లూ మస్కీ అసలు తినొద్దని విస్కాన్సిన్ ప్రభుత్వమే చెబుతుంది. పులుసుకి వాలై అనే చేప అడగండి, అదే సరస్సులో ఉంటుంది.

విస్కాన్సిన్ లైసెన్సు గో వైల్డ్ సైట్‌లో దొరుకుతుంది, 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ విడిగా తీసుకోవాలి. గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడు ముందే రెండు అడగండి: రోజంటే ఎన్ని గంటలు, వాన పడితే అడ్వాన్సు ఏమవుతుంది.