ఎండాకాలం నడక: పొద్దున్నా, సాయంత్రమా?

ఎండలు ముదరగానే చాలామంది నడక మానేస్తారు. మానక్కర్లేదు, వేళ మార్చుకుంటే చాలు.

వేడి: రోజంతటిలో గాలి చల్లగా ఉండేది సూర్యోదయం వేళకే. సాయంత్రం ఎండ తగ్గినా, పగలంతా పీల్చుకున్న వేడిని రోడ్లు, గోడలు ఇంకా వదులుతూనే ఉంటాయి. నీడ పడినా ఒళ్లు ఉడికిపోయేది అందుకే. వాహనాల పొగ, ఎండ కలిసి పుట్టే ఓజోన్ (ఊపిరికి ఇబ్బంది పెట్టే వాయువు) కూడా మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎక్కువ. ఆస్తమా ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

తిండి, నీళ్లు: నిద్ర లేచేసరికి ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. గ్లాసు నీళ్లు తాగాకే బయల్దేరండి. ఇన్సులిన్ వాడేవాళ్లలో కొందరికి పరగడుపున నడిస్తే షుగర్ పడిపోవచ్చు, ముందే డాక్టర్‌ని అడగాలి. రాత్రి భోజనం త్వరగా ముగించి పదిహేను నిమిషాలు నడిస్తే, తిన్నాక షుగర్ మరీ పెరగదు. సాయంత్రపు నడకకు నా దృష్టిలో ఇదే అసలు బలం.

శ్రమ: పొద్దున లేవడమే కష్టం. సాయంత్రం పనులు అడ్డొస్తాయి.

ఖర్చు: రెండింటికీ లేదు.

పెద్దవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు పొద్దున్నే మేలు. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, నిద్ర చాలనివాళ్లు టెన్షన్ పడకుండా చీకటి పడ్డాక నడవచ్చు. ఏ వేళైనా వారానికి 150 నిమిషాలు లెక్క పెట్టుకోండి. కళ్లు తిరిగితే మాత్రం వెంటనే ఆగి, చల్లటి చోట కూర్చోండి.