మళ్లీ పంపాల్సిన ఫోటోలేవో అదే చూపిస్తుంది: పబ్లిష్ సర్వీసుతో నా నాలుగేళ్లు

ఫోటోలు దిద్దే అడోబీ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో రంగులు ఎలా దిద్దాలి, ప్రీసెట్‌లు ఎక్కడ దొరుకుతాయి అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అవన్నీ వదిలేస్తున్నాను. పెళ్లి ఫోటోలు తీసే నేను చెప్పాలనుకున్నది అందులో ఒక్క వరుస గురించి. లైబ్రరీలో ఎడమ పక్కన, కలెక్షన్ల కింద, పబ్లిష్ సర్వీసెస్ అని ఒక ప్యానెల్ ఉంటుంది. 2010లో మూడో వెర్షన్‌తోనే వచ్చింది. చాలామంది దాన్ని ఫ్లికర్ లాంటి సైట్లకు ఫోటోలు ఎక్కించుకోవడానికే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఏళ్ల తరబడి దాన్ని తెరవలేదు. అందులో హార్డ్ డ్రైవ్ అని ఒకటి ఉందని, అది నా పనికి ఇంత అవసరమని తెలియడానికి ఒక ఆల్బమ్ పాడవ్వాల్సి వచ్చింది.

అది తెనాలి దగ్గర ఒక పల్లెలో జరిగిన పెళ్లి. ఇంటి ముందు ఆకుపచ్చ షామియానా వేశారు. పగటి పెళ్లి కావడంతో ఎండ ఆ గుడ్డలోంచి దిగి జీలకర్ర బెల్లం దగ్గర అందరి మొహాల మీదా ఆకుపచ్చ ఛాయ పడింది. మొదటిసారి దిద్దినప్పుడు అది పూర్తిగా పోలేదు. ఆల్బమ్ కోసం మూడు వందల పైచిలుకు ఫోటోలు జేపెగ్‌లుగా బయటికి తీసి (దీన్నే ఎక్స్‌పోర్ట్ అంటారు) 'ఆల్బమ్ ఫైనల్' అనే ఫోల్డర్‌లో పెట్టి డిజైనర్‌కి ఇచ్చాను. వారం తర్వాత పెళ్లికూతురి నాన్నగారు చూసి, "మొహాలు కొంచెం తేటగా చెయ్యి బాబూ" అన్నారు. ఓ నలభై ఫోటోలు మళ్లీ దిద్ది, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. అదే పేరుతో ఫైల్ ఉంది, ఏం చేయమంటావని అడిగితే కొత్త పేరు పెట్టమన్నాను. పేర్ల చివర 2 అంకె చేరింది. ఒకే ఫోల్డర్‌లో పాతవీ కొత్తవీ పక్కపక్కనే ఉన్నాయి. ఆ తర్వాత ఇంకో ఐదారు దిద్ది 'ఫైనల్ కొత్తది' అని వేరే ఫోల్డర్ కూడా చేశాను.

ఆల్బమ్ వచ్చింది. అందరూ చుట్టూ కూర్చుని చూస్తున్నారు. జీలకర్ర బెల్లం షీటు తిప్పగానే పెళ్లికూతురి పిన్నిగారు, "ఏంటి నాయనా, మా అమ్మాయి మొహం ఇలా ఉంది?" అన్నారు. రెండు షీట్లలో పాత ఫోటోలే పడ్డాయి. అందులో డిజైనర్ తప్పేమీ లేదు. ఏది వాడాలో నేనే తేల్చి ఇవ్వలేదు. ఆ షీట్లు ఒకదానికొకటి అతికించి బైండ్ చేస్తారు కాబట్టి మధ్యలో ఒక్కటి మార్చడం కుదరదు. మొత్తం ఆల్బమ్ నా డబ్బుతో మళ్లీ వేయించాను. డబ్బు సంగతి పక్కన పెడితే, ఆ ఇంట్లో ఆ సాయంత్రం పాడైంది. అదే నాకు ఎక్కువ బాధ.

ఆ తర్వాత మొదట చేసింది, ఎక్స్‌పోర్ట్ చేసిన జేపెగ్‌లను కూడా కేటలాగ్‌లో, అంటే లైట్‌రూమ్ ఫోటోల లెక్క, దిద్దుబాట్లు దాచుకునే చోట, చేర్చడం. ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లోనే ఆ టిక్కు ఉంటుంది. రెండు పెళ్లిళ్లకే విసిగిపోయాను. ఏది వెతికినా ఒకే ఫోటో రెండేసి సార్లు కనిపిస్తుంది. ఒకసారైతే కెమెరా ఇచ్చిన అసలు ఫైల్ (రా ఫైల్) అనుకుని జేపెగ్‌నే గంటసేపు దిద్దాను.

చివరికి హార్డ్ డ్రైవ్ సర్వీసు పెట్టాను. సైజు, క్వాలిటీ, పేర్ల పద్ధతి ఒక్కసారి సెట్ చేసి, పెళ్లికి ఒక ఫోల్డర్ చేసి, కావాల్సిన ఫోటోలు అందులోకి లాగి పబ్లిష్ నొక్కితే డిస్క్ మీద జేపెగ్‌లు తయారవుతాయి. ఇంతవరకూ మామూలు ఎక్స్‌పోర్ట్‌కీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు.

తేడా తెలిసింది మూడో పెళ్లిలో. డిజైనర్‌కి పెన్‌డ్రైవ్ ఇచ్చే ముందు రోజు రాత్రి తెరిచాను. ఇంటివాళ్లు అడిగిన ఆరు ఫోటోలు ఆ రోజే దిద్దాను కాబట్టి ఆరే మళ్లీ పంపాలి. తెర మీద 'మాడిఫైడ్ ఫోటోస్ టు రీ-పబ్లిష్' అన్న వరుసలో 29 ఉన్నాయి. ఏదో పొరపాటు అనుకున్నాను. ఒక్కొక్కటీ చూశాక గుర్తొచ్చింది. నెల కిందట తలంబ్రాల ఫోటో ఒకటి పెద్ద ఫ్రేమ్ కట్టించాలని నీడలు తేల్చి, పనిలో పనిగా వరసగా తీసిన ఆ తలంబ్రాల ఫోటోలన్నిటికీ అదే దిద్దుబాటు ఒకేసారి వర్తించేలా సింక్ చేశాను. ఆ 23 ఫోటోలు డిస్క్ మీద పాతవే ఉన్నాయి. నేను పూర్తిగా మర్చిపోయాను. అది మర్చిపోలేదు. పబ్లిష్ నొక్కితే పాత ఫైళ్ల స్థానంలోనే, అవే పేర్లతో కొత్తవి వచ్చాయి. 2 అంకెలు లేవు, రెండో ఫోల్డర్ లేదు. ఆ రాత్రి ఎంత నిశ్చింతగా పడుకున్నానో చెప్పలేను. అప్పటినుంచి ఒక్క ఆల్బమ్‌లో కూడా పాత ఫోటో పడలేదు.

ఇంటివాళ్లు వద్దన్న ఫోటోని ఆ ఫోల్డర్‌లోంచి తీసి మళ్లీ పబ్లిష్ చేస్తే డిస్క్ మీద జేపెగ్ కూడా పోతుంది, అసలు ఫోటో కేటలాగ్‌లో భద్రంగా ఉంటుంది. పెళ్లిళ్ల పనిలో ఇదీ చిన్న విషయం కాదు.

అయితే, మర్చిపోలేదు అన్నాను కదా, అది కొన్నిసార్లు అవసరానికి మించి గుర్తుపెట్టుకుంటుంది. ఒక పెళ్లి పబ్లిష్ చేశాక తీరిగ్గా ఫోటోలకి కీవర్డ్‌లు (వెతుక్కోవడానికి పెట్టే మాటలు) రాశాను. ఫోటోలో ఒక్క చుక్క మారలేదు, కానీ మొత్తం ఫోటోలన్నీ మళ్లీ పంపాల్సిన వరుసలోకి వచ్చేశాయి. రైట్ క్లిక్ చేసి 'మార్క్ యాజ్ అప్-టు-డేట్' అంటే వెనక్కి వెళ్తాయి. అయితే నిజంగా దిద్దినవి వాటిలో కలిసిపోయి ఉంటే అవీ వెళ్లిపోతాయి. అందుకే ఇప్పుడు కీవర్డ్‌లన్నీ ముందే రాసేసి, తర్వాతే పబ్లిష్ చేస్తున్నాను.

సర్వీసు పెట్టేటప్పుడు జేపెగ్‌ల కోసం ఎంచుకున్న చోటుని తర్వాత మార్చనివ్వదు. అందుకే మొదటి రోజే ఆలోచించుకోవాలి. నేను కదలని లోపలి డిస్క్ మీద పెట్టుకున్నాను. ఆల్బమ్‌కి ఒక సర్వీసు, పొడవు వైపు 2048 పిక్సెళ్లతో ఫోన్లకి పంపే వాటికి ఇంకొకటి. ఏది పంపానో, ఏది పంపాలో అన్న లెక్క కేటలాగ్‌లోనే ఉంటుంది, ఫోటో పక్కన దిద్దుబాట్లు రాసి ఉంచే ఎక్స్ఎంపీ ఫైళ్లలోకి రాదు. కేటలాగ్ బ్యాకప్ లేకపోతే ఆ లెక్కంతా పోయినట్టే.

ఇంకొకటి డిజైనర్ వైపు ఉంది. ఫోటోని లింక్ చేసి పెట్టకుండా నేరుగా షీటు మీదకి లాగి పెట్టేస్తే, ఇక్కడ ఫైల్ మారినా అక్కడ మారదు. కాబట్టి పబ్లిష్ నొక్కే ముందే ఆ వరుసలో ఉన్న ఫోటోల నంబర్లు రాసుకుని, వాటిని మాత్రం వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపి, "ఈ నంబర్లు మార్చాలి తమ్ముడూ" అని ఫోన్ చేస్తాను. నొక్కాక ఆ వరుస ఖాళీ అయిపోతుంది, నంబర్లు మళ్లీ దొరకవు. మొదట్లో ఇది తెలియక రెండుసార్లు ఇబ్బంది పడ్డాను.

నేను ఒక్కడినే తీసుకుని, ఒక్కడినే దిద్దుకునేవాణ్ణి. ఇంటివాళ్లు మూడుసార్లు మార్పులు అడిగినా కాదనలేని ఊళ్లో ఉన్నాను. నాకు ఈ ఒక్క వరుస కోసమే నెలనెలా చందా కట్టడం సమంజసంగానే అనిపిస్తుంది. ఒకసారి దిద్ది ఇచ్చేసి మళ్లీ ముట్టుకోనివాళ్లకి మామూలు ఎక్స్‌పోర్టే చాలు. ఇద్దరు ముగ్గురు వేర్వేరు కంప్యూటర్ల మీద ఒకే పెళ్లి దిద్దే స్టూడియోలకి ఇది ఇంతగా పనికిరాకపోవచ్చు, ఎందుకంటే ఎవరి కేటలాగ్‌లో మార్పు దానికే తెలుస్తుంది. ఇది మొదలుపెట్టేవాళ్లు ముందు ఒక చిన్న ఓణీల ఫంక్షన్ మీద చేసి చూసుకోండి, పెళ్లి మీద కాదు.