హెచ్‌డీఎఫ్‌5 ఎక్స్‌టర్నల్ ఫైళ్లు: నాలుగేళ్లు వాడాక

మా దగ్గర ఒక పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రాం ఉంది. దానికి ముడి బైనరీ ఫైలే కావాలి. మిగతావాళ్లందరికీ హెచ్‌డీఎఫ్‌5 (అంకెల డేటాని దాని వివరాలతో కలిపి దాచే ఫైల్ ఫార్మాట్) కావాలి. ఒకే డేటాని రెండు కాపీలు ఉంచలేక ఎక్స్‌టర్నల్ స్టోరేజ్‌కి వచ్చాను. ఇందులో డేటాసెట్ వివరాలు ప్రధాన ఫైల్లో ఉంటాయి, అంకెలు బయటి బైనరీ ఫైల్లో ఉంటాయి. పైథాన్‌లో హెచ్‌5పై అనే ప్యాకేజీ ద్వారా వాడుతున్నాను. నన్ను ఏడిపించిందల్లా ఆ బయటి ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో పడతాయన్నదే.

బయటి ఫైలుకి దారి లేకుండా వట్టి పేరు ఇస్తే హెచ్‌డీఎఫ్‌5 లైబ్రరీ ప్రధాన ఫైలు పక్కన చూడదు. ప్రోగ్రాం ఏ ఫోల్డర్ నుంచి నడుస్తుంటే అక్కడే రాస్తుంది, అక్కడే వెతుకుతుంది. చేత్తో నడిపినన్నాళ్లూ డేటా ఫోల్డర్‌లోంచే నడిపాను కాబట్టి తేడా తెలియలేదు. తర్వాత క్రాన్‌కి, అంటే టైముకి ప్రోగ్రాంలు తనే నడిపే సాధనానికి, అప్పగించాను. క్రాన్ హోమ్ డైరెక్టరీలో మొదలవుతుంది కదా! వారం తిరిగేసరికి హోమ్ కోటా నిండిపోయింది. అప్పటిదాకా ఒక్క ఎర్రర్ రాలేదు.

దీనికి మందు ఈఫైల్ ప్రిఫిక్స్, అంటే బయటి ఫైలు పేరు ముందు చేర్చే దారి. డేటాసెట్ సృష్టించేటప్పుడు ఫోల్డర్ దారి ఇస్తాం. అయితే ఆ దారి ఫైల్లో దాచుకోదు, తెరిచిన ప్రతిసారీ మళ్లీ చెప్పాలి. హెచ్‌5పైలో అందరం చేసేలా స్క్వేర్ బ్రాకెట్లలో పేరు పెట్టి తెరిస్తే ప్రిఫిక్స్ ఇచ్చే చోటే లేదు. అందుకని చివరికి అదే ప్రిఫిక్స్‌ని కోడ్ బయటినుంచి చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కే మారాను. అది ఉంటే కోడ్‌లో ఇచ్చిన ప్రిఫిక్స్‌ని పక్కన పెట్టేస్తుంది. లైబ్రరీ మొదలైనప్పుడే దాన్ని చదువుకుంటుంది కాబట్టి హెచ్‌5పై ఇంపోర్ట్ చేయకముందే సెట్ చేయాలి.

దానికి ఇవ్వాల్సిన విలువ ఆరిజిన్: డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లు, మధ్యలో క్యాపిటల్ అక్షరాల్లో ఆ మాట. అంటే ‘ప్రధాన ఫైలు ఉన్న ఫోల్డర్’ అని. ఇక ఫోల్డర్‌ని ఎక్కడికి జరిపినా పని చేస్తుంది. ఇక్కడ నేను సగం రోజు పోగొట్టుకున్నాను. బ్యాష్‌లో (కమాండ్లు టైప్ చేసే షెల్) సింగిల్ కోట్స్ పెట్టకపోతే షెల్ దాన్ని తన వేరియబుల్ అనుకుని ఖాళీగా మార్చేస్తుంది. ఖాళీ ప్రిఫిక్స్ అంటే మళ్లీ మొదటికే, ప్రోగ్రాం నడిచే ఫోల్డర్‌కే.

ఎక్స్‌టర్నల్ స్టోరేజ్‌లో కంప్రెషన్ లేదు, చంకింగ్ (డేటాని ముక్కలుగా దాచడం) లేదు. అది తెలిసే వచ్చాను, ఫిర్యాదు లేదు. అసలు భయం వేరే. బయటి ఫైలు లేకపోతే ఎర్రర్ వస్తుంది, సరే. సగమే కాపీ అయి ఉంటే మాత్రం మిగతాదంతా సున్నాలుగా చదివి ఊరుకుంటుంది. ఒకసారి గ్రాఫ్ చివర గీత నేలకి అతుక్కుపోయి ఉంటే సెన్సర్‌ని అనుమానించాను, పాపం! అప్పటినుంచి కాపీ అయ్యాక బైట్లు లెక్క చూస్తున్నాను. ఏ ఫైళ్లు ఉండాలో, ఎంత సైజు ఉండాలో హెచ్‌5డంప్ అనే కమాండ్ పీ ఆప్షన్‌తో చూపిస్తుంది.

ముడి ఫైలు వేరే ప్రోగ్రాంకి కావాలంటే దీన్ని వాడండి. ఊరికే డిస్క్ మిగులుతుందని అయితే వద్దు. మెయిల్‌లో పంపేటప్పుడు రెండు ఫైళ్లూ పెట్టారో లేదో చూసుకోండి. నేను మొన్న కూడా కొన్ని కేబీల ప్రధాన ఫైలు ఒక్కటే పంపి ‘డేటా మొత్తం ఇందులో ఉంది’ అని రాశాను.