పాత జేసీబీకి కంపెనీ సామానా, బయటి సామానా?

వారంటీ ఎప్పుడో అయిపోయి, మీటరు పది వేల గంటలు దాటిన బండి ఉన్న యజమానులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. షోరూములో ధర విన్నాక చూపు ఆటోనగర్ వైపు మళ్లడం సహజమే. చూడటానికి అదే పార్టు, ధర మాత్రం సగం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఒక మెకానిక్కు కంపెనీది తప్ప ముట్టుకోవద్దంటాడు. ఇంకొకాయన డబ్బా మీద పేరుకే డబ్బులు, లోపలంతా ఒకటే అంటాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది.

నేను ముందు ధర అడగను. ఆ పార్టు పాడైతే తానొక్కటే పోతుందా, పక్కవాటిని కూడా ముంచుతుందా అని చూస్తాను. బకెట్ పన్ను విరిగితే పన్నే పోతుంది. బకెట్‌ను నూనె ఒత్తిడితో ఆడించే హైడ్రాలిక్ వ్యవస్థలో ఫిల్టరు లోపల చిరిగితే పంపు, నూనెను దారి మళ్లించే కంట్రోల్ వాల్వు, సిలిండర్లు వరసగా దెబ్బతింటాయి. ఈ తేడా పట్టుకుంటే మిగతా లెక్క దానంతట అదే తేలుతుంది.

బయటి సామానంతా ఒకే రకం కూడా కాదు. బేరింగులు, ఫిల్టర్లు తయారుచేసే పెద్ద సంస్థలు బండ్ల కంపెనీలకు సరఫరా చేస్తూనే సొంత పేరుతోనూ అమ్ముతాయి. వీటికి వంక పెట్టడానికి లేదు. కిర్లోస్కర్ ఇంజన్‌తో వచ్చిన పాత జేసీబీ త్రీడీఎక్స్ మోడల్‌నే తీసుకోండి, ఇంజన్ సామాను నేరుగా కిర్లోస్కర్ డీలరు దగ్గర కొనుక్కోవచ్చు, అది పసుపు డబ్బాలోనే రావాలని లేదు. రెండో రకం, లోకల్ అని చెప్పే అమ్మే లోకల్ సామాను. ఏం కొంటున్నామో తెలిసే కొంటాం. మూడోది కంపెనీ డబ్బాను, హోలోగ్రామును అచ్చుగుద్ది లోపల నాసిరకం పెట్టి, కంపెనీ ధరకు ఓ వంద తగ్గించి ఇచ్చేది. అసలు ప్రమాదం దీనితోనే. ‘కంపెనీదే, కాస్త తక్కువకు ఇప్పిస్తాను’ అన్న మాట వినగానే బిల్లు అడగండి.

ఇక ఫిల్టర్ల దగ్గరకు వద్దాం, ఎందుకంటే పాత బండి భవిష్యత్తు తేలేది ఇక్కడే. కంట్రోల్ వాల్వులో అటూ ఇటూ జరిగే కడ్డీకీ (స్పూలు) అది కూర్చునే రంధ్రానికీ (బోరు) మధ్య ఉండే సందు కొద్ది మైక్రాన్లు మాత్రమే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే నూనెను చేతిలో పోసుకుని చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల మాత్రం గీతలు పడుతూనే ఉంటాయి. వాడి తీసేసిన ఇంజన్ ఆయిల్ ఫిల్టర్లు రెండు, ఒకటి మంచిది, ఒకటి లోకల్, హ్యాక్సా బ్లేడుతో కోసి పక్కపక్కన పెట్టి చూడండి. మంచి దానిలో కాగితం మడతలు దగ్గరదగ్గరగా, ఒకే ఎడంతో ఉంటాయి, కొసలు గట్టిగా అతికి ఉంటాయి. లోకల్ దానిలో మడతలు తక్కువ, ఒకచోట గుంపుగా, ఒకచోట ఖాళీగా ఉంటాయి. అతుకు దగ్గర వేలితో నొక్కితే కాగితం ఊడివచ్చేవీ ఉన్నాయి. అక్కడ ఊడిందంటే ఆ సందులోంచి నూనె వడపోత లేకుండానే వెళ్లిపోయినట్టే.

కాగితం బాగున్నా బైపాస్ వాల్వు సంగతి మిగిలే ఉంటుంది. ఫిల్టరు మూసుకుపోయినా, చలికి నూనె చిక్కబడినా ఇంజన్ ఎండిపోకుండా ఆ వాల్వు తెరుచుకుంటుంది. దాని స్ప్రింగు మెత్తగా ఉంటే అవసరం లేకపోయినా తెరుచుకుంటుంది. బయటికి ఏమీ తెలియదు, బండి నడుస్తూనే ఉంటుంది. హైడ్రాలిక్ వైపు కథ కూడా ఇంతే. కొన్ని నెలల తర్వాత ఆపరేటరు వచ్చి ‘పొద్దున బాగానే లేస్తోంది, వేడెక్కితే బూమ్ నెమ్మదిస్తోంది’ అంటాడు, బూమ్ అంటే బండి పొడవాటి చెయ్యి. అప్పటికే పంపు అరిగింది. ఫిల్టరు మీద మిగిలింది వందల్లో, పంపుకు పెట్టేది వేలల్లో, వాల్వు కూడా పోతే లక్షల్లో. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టరు విషయంలోనూ ఇదే మాట.

సిలిండర్‌లోంచి నూనె కారకుండా ఆపే సీళ్ల కిట్లలోనూ నేను మంచివాటి వైపే. కిట్ ఖరీదు ఎంతైనా సిలిండర్ విప్పి బిగించే కూలి అంతే. మే నెల ఎండలో ఖమ్మంలోనో రామగుండంలోనో రోజంతా తవ్వే బండిలో నాసిరకం సీలు గట్టిపడి, పెచ్చులూడి నూనెలో కలుస్తుంది. అయితే కిట్టు కొనేముందు సిలిండర్ రాడ్డు మీద గోరు పెట్టి పొడవునా లాగండి. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే క్రోమ్ లేచినట్టు. ఆ రాడ్డుకు కంపెనీ కిట్టు వేసినా నాలుగు రోజుల్లో మళ్లీ కారుతుంది, ముందు క్రోమ్ ప్లేటింగుకు పంపాలి.

కీళ్ల దగ్గర ఉండే పిన్నులు, వాటి చుట్టూ తొడిగే బుష్షులకు వచ్చేసరికి నేను పార్టీ మారుస్తాను. మంచి లేత్ పనివాడు ఈఎన్ 19 ఉక్కుతో చేసి, సరిగా హార్డెనింగ్ చేయించి ఇచ్చిన పిన్ను షోరూము పిన్నుకు తీసిపోదు. తీసుకునేటప్పుడు ఆకురాయితో పిన్ను మీద గీసి చూడండి. ఆకురాయి జారిపోతే సరే, పట్టి రజను రాలిస్తే మెత్త ఇనుము అంటగట్టినట్టే. అరగాల్సింది బుష్షు, పిన్ను కాదు. అసలు పిన్ను దూరే బూమ్ చెవి రంధ్రమే కోడిగుడ్డు ఆకారానికి వచ్చేస్తే ఏ పిన్నూ నిలవదు. వెల్డింగ్ నింపి, రంధ్రాన్ని మళ్లీ గుండ్రంగా తొలిచే లైన్ బోరింగ్ చేయించాల్సిందే, ఆ పనికి షోరూముకన్నా ఆటోనగరే దిక్కు. రోజూ గ్రీజు కొట్టని బండికి మాత్రం ఎవరి పిన్ను వేసినా ఒకటే.

హోసులు బయట ప్రెస్ చేయించుకోవచ్చు, హోసు మీద అచ్చయిన ప్రెజర్ రేటింగ్ పాతదానికి తగ్గకూడదు. తీగ వరసలు తగ్గిన హోసు వేయడమంటే ఆపరేటరు ప్రాణంతో ఆట. లైనులో 200 బార్లకు పైగా ఒత్తిడి ఉంటుంది. సూదిబెజ్జమంత రంధ్రంలోంచి చిమ్మే నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాయంలాగే ఉంటుంది, వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో పోవచ్చు. కారుతున్న చోటు వెతకడానికి అట్టముక్క వాడండి, చెయ్యి పెట్టకండి.

పళ్లు, సైడ్ కట్టర్లు, అద్దాలు, సీటు, లైట్లు: లోకల్ చాలు. పాత బండి నుంచి విప్పిన సామానులో తలుపు, బానెట్, బకెట్ లాంటివి కొనుక్కోవచ్చు, పంపు మాత్రం వద్దు. 2021 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లకు ఈ లెక్క చాలా చోట్ల పనికిరాదు. వాటి డీజిల్ ఫిల్టరు దగ్గర ప్రయోగాలు చేస్తే ఇంజెక్టర్లకే ఎసరు.

‘బండి విలువే నాలుగైదు లక్షలు, దానికి కంపెనీ ఫిల్టర్లా?’ అని అడిగేవారికి ఒకటే చెప్పాలి. కొత్త బండిలో చిన్న లోపాన్ని మిగతా భాగాలు కొంతకాలం కాస్తాయి, అన్నీ అరిగిన బండిలో ఆ మిగులు ఉండదు. పైగా గంటకు వెయ్యి రూపాయల పైచిలుకు వచ్చే బండి వారం రోజులు షెడ్డులో కూర్చుంటే ఏడాదికి సరిపడా ఫిల్టర్ల డబ్బు పోయినట్టే.

చివరగా బ్రేకు నూనె. కార్లకు వాడే డాట్ రకం బ్రేక్ ఫ్లూయిడ్‌ను జేసీబీ బ్రేకు డబ్బాలో పోసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. ఈ బండ్ల బ్రేకులకు కంపెనీ చెప్పేది మినరల్ రకం నూనె. దానికి సరిపడేలా చేసిన సీళ్లు డాట్ ఫ్లూయిడ్ తగిలితే ఉబ్బి పాడైపోతాయి. మాన్యువల్‌లో రాసిన నూనె దొరక్కపోతే అది దొరికేదాకా బండిని రోడ్డెక్కించకండి.